సైకిలు మీద పనికి వెళ్ళేవారికి సంచి ఎలా ఉండాలి?

మన కుటుంబాలలో చాలామందికి ఈనాటికీ సైకిలే ఆధారం. తాపీ పనివారు, వాచ్‌మెన్లు, కూరగాయలు అమ్మేవారు, బడికి వెళ్ళే పిల్లలు రోజూ సైకిలు మీదే వెళ్తున్నారు. సైకిలు తొక్కడం గుండెకు, కీళ్ళకు మంచిది. షుగరు, బి.పి. ఉన్నవారికి కూడా మేలు చేస్తుంది. అయితే దారిలో కళ్ళు తిరిగినా, ఆయాసం వచ్చినా, పడి దెబ్బ తగిలినా అప్పటికప్పుడు కావలసినవి ఇంట్లో బీరువాలో ఉంటే ఏం లాభం? అందుకే సైకిలుకు ఒక చిన్న సంచి ఎలా ఎంచుకోవాలో, అందులో ఏవి పెట్టుకోవాలో ఈ నెల పాఠంలో తెలుసుకుందాం.

ముందు వస్తువులు, తరువాత సంచి

చాలామంది ముందు సంచి కొని, తరువాత దానిని నింపుతారు. పెద్ద సంచి అయితే అనవసరమైనవన్నీ చేరి, అవసరమైనది అడుగున పడిపోతుంది. కాబట్టి ముందు కావలసినవన్నీ ఒక బల్ల మీద పరచండి. అవి పట్టేంత సంచి చాలు. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంత ఉంటుందో సుమారు అంత సరిపోతుంది. టిఫిన్ బాక్సుకు, పనిముట్లకు వేరే సంచి వాడండి.

అందరి సంచిలో ఉండవలసినవి:

1. శుభ్రంగా ఉతికి మడిచిన నూలు గుడ్డ, కొంచెం దూది, బ్యాండేజి చుట్ట. గాయం నుంచి రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి 10 నిమిషాలు వదలకుండా గట్టిగా నొక్కి ఉంచాలి. మధ్యలో తీసి చూడకూడదు.
2. చిన్న సబ్బు ముక్క. కుక్క కరిస్తే ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయకండి. అదే రోజు ఆసుపత్రికి వచ్చి టీకా వేయించుకోవాలి.
3. ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు. లీటరు నీటికి కలపమని రాసి ఉంటే లీటరులోనే మొత్తం కలపాలి. విరేచనాలు, వాంతులు అయినప్పుడు దీనిని వాడాలి. బి.పి., షుగరు ఉన్నవారు దీనిని రోజూ దాహానికి తాగకూడదు.
4. ఒక చీటీ. దాని మీద మీ పేరు, ఇంటివారి ఫోను నంబరు, మీకున్న జబ్బు, వాడే మందులు, పడని మందులు రాయండి. ప్లాస్టిక్ కవరులో పెట్టండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ చీటీయే మీ తరఫున మాట్లాడుతుంది.

మంచినీళ్ళ సీసా విడిగా ఉండాలి. సంచిలో పెడితే కారి మందులు తడుస్తాయి.

షుగరు ఉన్నవారు తప్పక గమనించండి

ఇన్సులిన్ గానీ, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు సరిగా తినకుండా సైకిలు తొక్కితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, చూపు మసకబారడం దీని గుర్తులు. కొందరు తికమకగా మాట్లాడతారు. చూసేవారు తాగి ఉన్నాడేమో అనుకునే ప్రమాదం ఉంది.

గుర్తులు కనబడగానే సైకిలు దిగి నీడలో కూర్చోండి. మూడు చెంచాల గ్లూకోజు పొడి లేదా పంచదార నోట్లో వేసుకుని నీళ్ళు తాగండి. 15 నిమిషాలలో తగ్గకపోతే మళ్ళీ అంతే తీసుకోండి. తగ్గిన తరువాత బిస్కెట్లో, అన్నమో తినండి. చాక్లెట్టు దీనికి పనికిరాదు. అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఒంటికి పడుతుంది. పైగా ఎండకు కరిగిపోతుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

ఒంటి మీద ఉండవలసినవి

సైకిలు ఒకచోట, మనిషి ఒకచోట ఉండటం మామూలే. సంచి పోవచ్చు కూడా. కనుక ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడేవి చొక్కా జేబులో గానీ, నడుముకు కట్టుకునే చిన్న సంచిలో గానీ ఉండాలి. ఉబ్బసం ఉన్నవారి ఇన్‌హేలరు, గుండెనొప్పి ఉన్నవారు నాలుక కింద పెట్టుకునే మాత్ర, షుగరు ఉన్నవారి గ్లూకోజు పొట్లం ఇటువంటివి. నాలుక కింద మాత్ర కూర్చున్న తరువాతే పెట్టుకోవాలి. 5 నిమిషాలలో నొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోను చేయాలి.

ఎండలో నిలబెట్టిన సైకిలు సంచిలో మందులు వదలకండి. మన ప్రాంతంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇన్సులిన్ ఆ వేడికి చెడిపోతుంది. పనిచోట వేసుకోవలసి ఉంటేనే తీసుకెళ్ళండి, చేరగానే తీసి చల్లని చోట ఉంచండి. ఇన్‌హేలరు డబ్బాలో ఒత్తిడితో నింపిన వాయువు ఉంటుంది కనుక దానికీ ఎండ తగలకూడదు.

ఎటువంటి సంచి? ఎక్కడ కట్టాలి?

రెగ్జిన్ లేదా మందపాటి కాన్వాసు సంచి మంచిది. జిప్పు మీద కప్పే మూత ఉంటే వాన నీరు లోపలికి దిగదు. నలుపు త్వరగా వేడెక్కుతుంది కనుక లేత రంగు తీసుకోండి. వెనుకవైపు వెలుతురుకు మెరిసే పట్టీ కుట్టించుకుంటే రాత్రివేళ లారీవారికి దూరం నుంచే కనబడతారు. పైన ఒక జేబు ఉంటే అందులో చీటీ, గ్లూకోజు పెట్టవచ్చు.

సంచిని హ్యాండిల్‌కు తగిలించకండి. అది ఊగుతూ మలుపు తిరగనివ్వదు, ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే మనిషి ముందుకు ఎగిరి పడతాడు. ఒక భుజానికి బరువు సంచి వేసుకుంటే రోజులు గడిచేకొద్దీ మెడ, నడుము నొప్పి వస్తాయి. వంగినప్పుడు అది ముందుకు జారుతుంది కూడా. సీటు కింద గానీ, వెనుక క్యారియర్ మీద గానీ కట్టడం మేలు. క్యారియర్ క్లిప్పు ఒక్కటే చాలదు. పాత ట్యూబును పట్టీలుగా కోసి రెండు చోట్ల బిగించి కట్టండి. వేలాడే కొసలు చక్రానికి తగలకుండా లోపలికి దోపండి. ఆడపిల్లలు చున్నీని కూడా ఇలాగే చూసుకోవాలి.

నెలకొకసారి

నెల మొదటి ఆదివారం సంచి మొత్తం ఖాళీ చేసి చూడండి. గడువు దాటిన మందులు, తడిసిన దూది తీసివేయండి. మాత్రలు విడిగా పొట్లం కట్టకుండా స్ట్రిప్పుతోనే ఉంచండి. ఇంటికి వచ్చాక సంచిని పసిపిల్లలకు అందని ఎత్తులో తగిలించండి.

చివరిగా ఒక పరీక్ష. కళ్ళు మూసుకుని, ఒక్క చేత్తో సంచి తెరిచి గ్లూకోజు పొట్లం తీయండి. ఒంట్లో బాగున్నప్పుడే అది దొరకకపోతే, చేతులు వణుకుతున్నప్పుడు అసలే దొరకదు. దొరికేవరకు సర్దుకోండి. ఏ వస్తువు ఎక్కడ ఉందో ఇంటివారికి, తోటి పనివారికి కూడా చూపించి ఉంచండి.