పొంగు వాగులో వాహనము : పంచాయతీ సభ్యులు గమనింపవలసిన విషయములు

వానకాలమున వాగు పొంగినపుడు చప్టాకు ఇరువైపుల జనము గుమిగూడుట మనము ఏటేట చూచుచున్న దృశ్యమే. ఆవలి ఒడ్డున ఊరు కనబడుచుండును. చప్టామీది నీరు మోకాటిలోతే యున్నట్లు తోచును. ఇంతలో ఒక జీపో, ట్రాక్టరో వచ్చి నిలుచును. "మన బండికి ఈ నీళ్లొక లెక్కా!" అని ఒకరందురు. "కాసేపు ఆగుదాము" అని మరియొకరందురు. ఈ రెండు మాటలలో ఏది నెగ్గునో దానిపైననే బండిలోనివారి ప్రాణములు ఆధారపడి యుండును. రెండవ మాటకు బలము చేకూర్చుట పంచాయతీ సభ్యుల ధర్మము. అందుకు కావలసిన విషయములను ఈ వ్యాసమున వరుసగా తెలిసికొందము.

జీపుపై మనకు గల నమ్మకము

జీపు రెండవ ప్రపంచ యుద్ధ కాలమున సైన్యము కొరకు పుట్టిన బండి. మన దేశమున 1947 నుండి మహీంద్రా సంస్థవారు వీటిని కూర్చుట మొదలిడిరి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకములు ప్రారంభమైన పిమ్మట బ్లాకు అధికారుల జీపు పల్లెలకు సుపరిచితమయ్యెను. నాలుగు చక్రములకును ఇంజను బలము అందుటచే అది బురదను, ఇసుకను, రాళ్లను దాటగలదు. ఇది చూచిన జనులకు నీటిని సైతము అట్లే దాటగలదను నమ్మకము కలిగెను.

అయితే ఒక సంగతి మరువరాదు. 1944 జూన్ 6న నార్మండీ తీరమున సైనిక వాహనములు సముద్రపు నీటిలో దిగినపుడు వానిని ముందుగా ప్రత్యేకముగా సిద్ధపరచిరి. ఇంజనుకు గాలి పోవు గొట్టమును, పొగ గొట్టమును నీటిమట్టమునకు పైకి ఎత్తి బిగించిరి. విద్యుత్ భాగములకు నీరు తగులకుండ పూత పూసిరి. సైన్యమే ఇంత సన్నాహము చేసినపుడు, ఏ సన్నాహమును లేని మన బండ్ల సంగతి చెప్పవలసినదేమి?

నీరు బండిని ఎట్లు తేల్చును?

"ఇంత బరువైన బండి ఎట్లు కొట్టుకొనిపోవును?" అని పలువురు ప్రశ్నింతురు. దీనికి జవాబు చిన్న లెక్కలో ఉన్నది. ఒక ఘనపు మీటరు నీటి బరువు 1000 కిలోలు. నీటిలో మునిగిన వస్తువును, అది తొలగించిన నీటి బరువెంతో అంత బలముతో నీరు పైకెత్తును. 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు గల బండి అడుగు భాగము 6.8 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగును దాటి 10 సెంటీమీటర్లు పైకి వచ్చిన మాత్రముననే 680 కిలోల బరువు తేలిపోవును. 25 సెంటీమీటర్లు వచ్చినచో 1700 కిలోల బరువు తేలిపోవును. జీపు వంటి బండి మొత్తము బరువు ఇంచుమించు ఇంతియే. లోపలికి నీరు చేరులోపల అది ఒక పడవ. అయితే తెడ్డు లేని పడవ.

పూర్తిగా తేలువరకు ప్రమాదము లేదని భావింపరాదు. సగము బరువు తేలిన వెంటనే చక్రములకు నేలపై గల పట్టు సగము తగ్గిపోవును. పట్టు తగ్గిన బండికి స్టీరింగు త్రిప్పినను, బ్రేకు త్రొక్కినను ఫలితముండదు.

పారు నీటిలో 15 సెంటీమీటర్ల లోతు, అనగా అరయడుగు, పెద్దమనిషిని కూడ పడద్రోయ వచ్చును. 30 సెంటీమీటర్లు చిన్న కార్లను తేల్చవచ్చును. 60 సెంటీమీటర్లు, అనగా రెండడుగులు, జీపుతో సహా పెక్కు వాహనములను కొట్టుకొనిపోగలదు.

ప్రవాహపు త్రోపు

నిలువ నీరు వేరు, పారు నీరు వేరు. ప్రవాహ వేగము రెట్టింపైన యెడల ప్రక్క నుండి బండిని నెట్టు త్రోపు నాలుగు రెట్లగును. మూడు రెట్లైన తొమ్మిది రెట్లగును. కావున ఉదయమున దాటగలిగిన వాగును అదే లోతున సాయంకాలము దాటగలమని చెప్పుటకు వీలులేదు.

బండ్ల తయారీదారులు తమ బండి ఇంత లోతు నీటిని దాటగలదని ప్రకటించుట కలదు. 2020లో వచ్చిన థార్ జీపునకు 650 మిల్లీమీటర్లని చెప్పిరి. అడుగున గట్టి నేల యుండి, నిలుకడగా నున్న నీటిలో మెల్లగా పోవునపుడే ఇట్టి కొలతలు చెల్లును. పొంగి పారు వాగునకు ఇవి అనుమతి పత్రములు కావు.

యంత్రమునకు కలుగు హాని

బండి కొట్టుకొనిపోకున్నను నడుమ ఆగిపోవుట మరియొక గండము. ఇంజను గాలిని పీల్చుకొని పనిచేయును. గాలితో పాటు నీరు లోనికి పోయినచో, నీరు గాలివలె అణగదు గనుక, పైకి వచ్చు పిస్టను దానిని ఢీకొని కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. ఇంజను ఒక్క క్షణమున నిలిచిపోవును. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అవసరము లేకున్నను ఈ హాని తప్పదు. వేగముగా దూకించినపుడు ముందు ఎగయు అలయే ఎక్కువగా ఇట్లు లోనికి చొచ్చును. రేడియేటరు ఫ్యాను రెక్కలు నీటిని కొట్టి వంగి, రేడియేటరును కోయవచ్చును. వేడెక్కిన ఇరుసు పెట్టెలు చన్నీటిలో చల్లబడి లోనికి నీటిని పీల్చుకొనును.

నీటిలో ఆగిన బండిని తిరిగి స్టార్టు చేయ యత్నింపరాదు. ఒడ్డుకు చేర్చిన పిమ్మట బ్యాటరీ తీగను విప్పి మెకానిక్కునకు చూపవలెను. ఇంజను నూనె, గేరు నూనె పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని గ్రహించి మార్పించవలెను. తడిసిన బ్రేకులు వెంటనే పట్టవు గనుక, కొంతదూరము మెల్లగా నడుపుచు వానిని తేలికగా నొక్కి ఆరబెట్టవలెను.

కంటికి కానరాని గోతులు

ఎఱ్ఱని వరదనీటి క్రింద చప్టా ఉన్నదో, తెగినదో పైనుండి తెలియదు. వరద సాధారణముగా దిగువ అంచును ముందు కోయును. పైన సిమెంటు పలక నిలిచియుండి, క్రింద మన్ను పోయి డొల్లగా నుండవచ్చును. నిన్న బస్సు పోయినదను సాక్ష్యము నేటికి చాలదు. అంతేకాక, పారు నీటిని చూచుచు నడుపువానికి బండియే ప్రక్కకు పోవుచున్నట్లు భ్రాంతి కలిగి, తెలియకుండగనే చప్టా అంచునకు త్రిప్పును. రాత్రివేళ ఇది మరింత ప్రమాదము.

ట్రాక్టరు విషయమున మన రైతులు మరింత ధైర్యము వహింతురు. దాని పెద్ద చక్రములు గాలితో నిండినవని, నీటిలో అవియే దానిని పైకెత్తునని మరువరాదు. వెనుక నున్న ఖాళీ ట్రాలీ ముందుగా తేలి, దిగువకు త్రిప్పుకొని, ట్రాక్టరును తనతో లాగును. అట్టి ట్రాలీలో కూలీలను, బడిపిల్లలను ఎక్కించి వాగు దాటించుట ఎట్టి పరిస్థితిలోను తగదు.

బరువు రక్షణ కాదనుటకు మన అనుభవమే సాక్ష్యము. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినపుడు నందలూరు ప్రాంతమున ప్రయాణికుల బస్సులు సైతము వరదలో చిక్కుకొని ప్రాణనష్టము కలిగెను. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు ఆరంభమున ఆకేరు, మున్నేరు పొంగినపుడు ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలలో రహదారులే కోసుకొనిపోయెను.

పంచాయతీ చేయవలసిన పనులు

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు చేరియున్నవి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రమాద ప్రాంతమున రాకపోకలను నియంత్రించు అధికారమును జిల్లా సంస్థకు ఇచ్చినది. కావున దారి మూయవలసినపుడు తహసీల్దారునకు, పోలీసులకు వెంటనే తెలిపి, వారితో కలిసి పనిచేయవలెను. మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందే ఈ క్రింది ఏర్పాట్లు పూర్తి కావలెను.

1. ఊరి పరిధిలోని చప్టాలన్నింటిని సభ్యులు స్వయముగా నడచి చూడవలెను. అంచు కోసుకొనిపోయిన చోటులను వ్రాసికొని సంబంధిత శాఖకు తెలుపవలెను.

2. చప్టా ఇరుప్రక్కల సున్నము పూసిన గుర్తు రాళ్లు, ప్రతి పది సెంటీమీటర్లకు గీతలు గల లోతు స్తంభము నాటించవలెను. స్తంభపు సున్న చప్టా ఉపరితలమునకు సమముగా నుండవలెను. గుర్తు రాళ్లు మునిగినచో దారి మూసినట్లే.

3. ఇరువైపుల ఇనుప గొలుసో, అడ్డుకఱ్ఱయో ఏర్పరచి, వరదవేళ కాపలాకు ఇద్దరిద్దరిని వంతులవారీగా నియమింపవలెను. లాంతరు, ఈల, పొడవైన మోకు, గాలి నింపిన ట్యూబులు వారివద్ద నుంచవలెను.

4. ఎగువ గ్రామముల సర్పంచుల ఫోను నంబర్లు సేకరింపవలెను. మన ఊరిలో చినుకు పడకున్నను ఎగువ చెరువు అలుగు పారినచో వాగు పొంగును. ఆ కబురు ముందుగా అందినచో దండోరా వేయించుటకు వ్యవధి దొరకును.

5. ఆవలి ఒడ్డు బడికి పోవు పిల్లల విషయమై ఉపాధ్యాయులతో ముందే మాట్లాడవలెను.

అత్యవసరము వచ్చినచో?

పంచాయతీకి నిజమైన పరీక్ష ఇక్కడనే. అర్ధరాత్రి ఒక గర్భిణికి నొప్పులు ప్రారంభమగును, వాగు పారుచుండును, బండి సిద్ధముగా నుండును, ఇంటివారు కన్నీటితో గొలుసు తీయుమందురు. అట్టి వేళ గొలుసు తీసినచో ఒక ప్రాణము కొరకు అయిదు ప్రాణములను నీటిపాలు చేసినవారమగుదుము. తీయకున్నచో ఆ తల్లి గతి ఏమి? ఈ ప్రశ్నకు ఆ రాత్రి మంచి జవాబు దొరకదు. వేసవిలోనే దొరకవలెను. వానకాలమున ప్రసవింపనున్న స్త్రీల పట్టికను ఆశా కార్యకర్తనుండి తీసికొని, నెలలు నిండకముందే వారిని వాగుకు ఆవల ఆసుపత్రికి సమీపమున బంధువుల ఇండ్లకు పంపు ఏర్పాటు చేయవలెను. నిత్యము మందులు కావలసినవారికి పక్షమునకు సరిపడు మందు ముందే తెప్పించవలెను. చుట్టుదారి ఏదో, ఎంత దూరమో అందరికి తెలియవలెను. 108, 112 నంబర్లు పంచాయతీ గోడపై వ్రాయించవలెను.

బండి చిక్కుకొన్నచో

బండి నీటిలో చిక్కినచో ఆలస్యము చేయక సీటు బెల్టు విప్పి, అద్దములు దించి, పిల్లలను ముందుగా దాటించి బయటపడవలెను. నీరు తలుపునకు అరమీటరు ఎత్తున నొక్కుచున్నచో, మీటరు వెడల్పు తలుపును తెరచుటకు దాదాపు 125 కిలోల బరువును నెట్టవలసి వచ్చును. విద్యుత్తుతో నడచు అద్దములు తడిసినచో పనిచేయక పోవచ్చును. బండి కదలక నిలిచియున్న యెడల పైకప్పు ఎక్కి కేక వేయవలెను. ఒడ్డుననున్నవారు మోకు విసరవలెనే గాని నడుమునకు కట్టుకొనక నీటిలో దూకరాదు. ఒకరిని రక్షింపబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఉదంతములు మన పల్లెలకు క్రొత్తవి కావు.

వాగు కొన్ని గంటలలో తగ్గును. పోయిన ప్రాణము తిరిగిరాదు. రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, "గుర్తు రాళ్లు మునిగినచో ఏ బండియు దాటరాదు" అని తీర్మానము చేయుడు. ఆ తీర్మానము సర్పంచు బండికిని, అధికారి బండికిని సమానముగా వర్తింపవలెను. పెద్దలు ఒడ్డున ఆగినపుడే కుఱ్ఱవారు కూడ ఆగుదురు.