ఇంజిన్ దీపం వెలిగితే ఆక్సిజన్ సెన్సర్ పోయినట్టేనా?

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. ఉక్కు తయారీ అంటే ఒక రకంగా ఆక్సిజన్‌ను అదుపులో పెట్టే విద్య. కన్వర్టర్‌లో కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది కార్బన్‌ను తొలగిస్తారు. చివరికి ఉక్కులో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలవడానికి ఉక్కు పరిశ్రమలో వాడే ప్రోబ్ కొసన జిర్కోనియా అనే పింగాణీ పదార్థం ఉంటుంది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే ఉద్యోగి పెట్రోల్ కారు పొగగొట్టంలోనూ అదే పదార్థం పనిచేస్తుంది. దాని పేరు ఆక్సిజన్ సెన్సర్.

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది. గ్యారేజీలో స్కానర్ పెడితే పి0171 అనే కోడ్ వస్తుంది. అంటే ఇంజిన్‌కు అందే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని. "సెన్సర్ మార్చాలి" అన్న మాట వెంటనే వినిపిస్తుంది. వేల రూపాయలు పోసి మార్చాక, వారం తిరక్కుండా అదే దీపం మళ్లీ వెలగవచ్చు. ఎందుకంటే ఆ కోడ్ చెప్పేది సెన్సర్ ఏం చూసిందో మాత్రమే.

సెన్సర్‌కు ఒక వైపు బయటి గాలి, రెండో వైపు పొగ తగులుతాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక జిర్కోనియా గుండా ఆక్సిజన్ అయాన్లు కదలగలవు. రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. పెట్రోల్ ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే 0.1. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి అన్న గీత దగ్గర ఈ మార్పు నిట్టనిలువుగా ఉంటుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. సెన్సర్‌కు పెట్రోల్ తెలియదు, ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. సెన్సర్‌కు ముందు పొగగొట్టం గాస్కెట్ కారితే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. స్పార్క్ ప్లగ్ మండించకపోతే వాడని ఆక్సిజన్ అలాగే బయటికి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ "గాలి ఎక్కువ" అనే చెబుతుంది. కంప్యూటర్ అది నమ్మి పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, సెన్సర్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన ఆ భాగాన్నే పాడుచేయగలదు.

కాబట్టి ముందు చేయవలసింది పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో మొదటి సెన్సర్ వోల్టేజీ చూడాలి. 0.1, 0.9 మధ్య అది చకచకా ఊగుతూ ఉండాలి. ఇన్‌టేక్ వైపు ఒక వాక్యూమ్ గొట్టం కాసేపు ఊడదీస్తే వోల్టేజీ పడాలి, యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే పైకి ఎగరాలి. ఇలా స్పందిస్తే సెన్సర్ చాలావరకు బాగున్నట్టే, తప్పు వేరే చోట వెతకాలి. 0.45 దగ్గర కదలకుండా ఉంటే వైరు తెగిందా, సెన్సర్ వేడెక్కడం లేదా అని చూడాలి. పి0135 కోడ్ కూడా ఉంటే హీటర్ సర్క్యూట్‌లో లోపం. కొన్నిసార్లు ఫ్యూజు మారిస్తే సరిపోతుంది. వైడ్‌బ్యాండ్ రకం సెన్సర్లకు ఈ వోల్టేజీలు వర్తించవు. వాటికి ఆ కారు మాన్యువలే ఆధారం.

సెన్సర్ నిజంగా పోతే దాన్ని చంపిన దాన్నీ పట్టుకోవాలి. దేశమంతటా 2000 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు కనుక ఆ విషం ఇప్పుడు లేదు. ఇంజిన్ గాస్కెట్లకు పూసే మామూలు సిలికోన్ సీలెంట్ ఆవిరి మాత్రం కొత్త సెన్సర్‌నూ కప్పేస్తుంది. "సెన్సర్‌కు సురక్షితం" అని ట్యూబు మీద రాసి ఉన్నదే వాడాలి.