జూన్ 12 తర్వాత

చి. ల. సౌ. చెల్లెలికి,

ఏప్రిల్ 30తో ఉద్యోగం అయిపోతుందని, ఇన్నాళ్లకు తీరిక దొరుకుతోంది కాబట్టి ఇక చిన్న చిన్న సంతోషాలతో హాయిగా బతుకుతానని రాశావు. నువ్వు హాయిగా ఉండాలనే నా కోరిక కూడా. అయితే తీరిక దొరికితే హాయి దానంతటదే వస్తుందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా ఉద్దేశంలో చిన్న సంతోషాలకు తీరిక కంటే ముందు కావలసింది ఒక వేళ. ఆ వేళకు మన కోసం ఎదురుచూసే పనో, మనిషో, మొక్కో ఉండాలి. అది లేని తీరిక చేతికి వచ్చినట్టే వచ్చి ఎటో పోతుంది. ఎందుకు ఇలా అంటున్నానో వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదువు, ఒప్పుకోబుద్ధి కాకపోతే జవాబు రాయి.

టీచరు ఉద్యోగానికి విరమణ ఆర్డరు మీద వేసిన తేదీన రాదు. ఏప్రిల్ నెలాఖరున సన్మాన సభ, శాలువా, దండలు, పిల్లల ఏడుపులు అన్నీ అవుతాయి. మర్నాటి నుంచి మిగతా టీచర్లూ ఇంట్లోనే, నువ్వూ ఇంట్లోనే. మే నెలంతా వాళ్లకూ నీకూ తేడా ఏమీ కనిపించదు. జూన్ 12న బళ్లు తెరుస్తారు చూడు, ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి తెలుస్తుంది. ఇన్నేళ్లూ నీ రోజును పీరియడ్లుగా కోసి చేతిలో పెట్టారు. మొదటి గంట, ప్రార్థన, హాజరు, మధ్యాహ్న భోజనం, ఆటల పీరియడు, చివరి గంట. ఏడాదికి కూడా అలాంటి గుర్తులే: దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, పదో తరగతి పరీక్షలు, ఆ వెంటనే స్పాట్ వాల్యుయేషన్. బ్యాంకు ఉద్యోగికి జూన్ అయినా జనవరి అయినా పని ఒకే తీరుగా నడుస్తుంది. బడిలో అలా కాదు. కాలాన్ని ఇంత గట్టిగా పట్టి ఉంచే ఉద్యోగాలు తక్కువ. అందుకే ఆ పట్టు వదిలినప్పుడు టీచరుకు కలిగే తడబాటు మిగతావాళ్ల కంటే ఎక్కువ. దాన్ని వయసు మీద పడటం అనుకోకు. విరమణ వయసుగా పెట్టిన ఆ 62 అన్న అంకె నీ శక్తిని కొలిచి పెట్టింది కాదు. మన ప్రభుత్వాలే దాన్ని 1983లో 58 నుంచి 55కి దించాయి, తర్వాత మళ్లీ 58 చేశాయి, 2014లో 60, 2022లో 62 చేశాయి. గోదావరి జిల్లాలో 62కి దిగిపోయే టీచరు ఖమ్మంలో ఉద్యోగం చేసి ఉంటే 61కే దిగిపోయేది. ఖజానా లెక్కలను బట్టి జరిగే గీత అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెంతాల్ అని ఒక ఊరు. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోడా, ఆమె తోటి పరిశోధకులు ఆ ఊరికి వెళ్లి జనం రోజులు ఎలా గడుస్తున్నాయో దగ్గరుండి చూసి 1933లో పుస్తకం వేశారు. వాళ్లు చూసినవాటిలో నన్ను ఎక్కువగా పట్టి ఆపింది ఊరి గ్రంథాలయం సంగతి. పుస్తకం తీసుకెళ్లడానికి అంతకుముందు కట్టాల్సిన రుసుము కూడా తీసేశారు, ఊళ్లో అందరికీ కావలసినంత ఖాళీ. అయినా రెండేళ్లలో పుస్తకాలు తీసుకునేవాళ్లు పెరగలేదు సరికదా, తీసుకున్న పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. పొద్దుటి నుంచి ఏం చేశావని అడిగితే మగవాళ్లు రెండు మూడు సంగతులకు మించి చెప్పలేకపోయారు. వీధిలో నడిచేటప్పుడు మాటిమాటికీ ఆగిపోయేవారు. వంట, పిల్లలు, బట్టలు అంటూ పని మిగిలి ఉన్న ఆడవాళ్లు మాత్రం వాళ్ల కంటే చురుగ్గా నడిచేవారు. చదవడానికి తీరిక లేదని బాధపడిన మనిషి తీరిక వచ్చాక చదవడం మానేశాడంటే, అతనికి లేనిది తీరిక కాదన్నమాట. పని వేళలు ఉన్నప్పుడే పని కాని వేళకు ఒక రుచి ఉండేది.

వాళ్లది ఆకలి కదా, నాకు పెన్షన్ వస్తుంది కదా అని నువ్వు అడుగుతావు. అడగాల్సిన ప్రశ్నే. ఉద్యోగం పోయి రొట్టె కోసం వెతుక్కునే మనిషిని, ఒకటో తారీఖుకు ఖాతాలో డబ్బు పడే మనిషిని ఒక గాటన కట్టడం న్యాయం కాదు. లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద ఏళ్ల తరబడి జరిగిన వైట్‌హాల్ అధ్యయనం ఇందుకు సాక్ష్యం. రిటైరైనవాళ్ల మానసిక ఆరోగ్యం ఉద్యోగంలో కొనసాగినవాళ్ల కంటే మెరుగుపడిందని అందులో తేలింది. అయితే ఆ మెరుగు కనిపించింది పై హోదాల్లో పనిచేసి దిగినవాళ్లలోనే. కాబట్టి విరమణ తనంతట తాను మనిషిని కుంగదీయదు. చేతిలో డబ్బు, మనసుకు నిబ్బరం ఉంటే మేలే చేస్తుంది. అంతవరకు నీ మాట ఒప్పుకుంటాను. కానీ యహోడా తర్వాతి రోజుల్లో ఇంకో మాట చెప్పింది. ఉద్యోగం జీతం ఒక్కటే ఇవ్వదు, రోజుకు ఒక ఆకారం ఇస్తుంది, ఇంటి బయటి మనుషులను ఇస్తుంది, నలుగురితో కలిసి చేసే పని ఇస్తుంది, గుర్తింపు ఇస్తుంది, ఒళ్లు కదిలేలా చేస్తుంది అని. పెన్షన్ వీటిలో జీతాన్ని మాత్రమే భర్తీ చేస్తుంది. మిగతావి ఎవరూ నీ ఖాతాలో వేయరు, నువ్వే సమకూర్చుకోవాలి.

సంతోషాలకు వేళ కావాలన్న మాటకు ఆవకాయే మంచి సాక్ష్యం. ఇన్నేళ్లూ నువ్వు ఆవకాయ తిన్నావే గాని తీరుబడిగా పెట్టావని చెప్పలేను, ఏ టీచరు విషయంలోనూ చెప్పలేను. కాయ ముదిరే రోజుల్లోనే ఏదో ఒక డ్యూటీ పడేది. 2024లో ఎన్నికలు సరిగ్గా మే 13న వచ్చాయి, పోలింగ్ సామగ్రి మోసిన చేతులు చాలావరకు టీచర్లవే. ఈ మేలో కూర్చుని పెట్టు. పుల్లటి, పీచున్న, టెంక ముదిరిన కాయ చూసి తెచ్చుకుని, కడిగి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టు. టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను ముక్క ముక్కకూ గీకి, పొడి బట్టతో తుడవాలి. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, ముక్కను నూనెలో ముంచి ఆ పిండిలో దొర్లించి జాడీకి ఎత్తాలి. ఇంతా చేశాక పని అయిపోదు. మూడో రోజు జాడీ మూత తీసి తిరగ కలపాలి, ఊరిన ఊట చూసి ఉప్పు సరిచూడాలి, పైన నూనె తేలేలా పోయాలి. ఆ మూడో రోజును దాటేయడానికి వీల్లేదు. మొదటి రోజు ముక్క మీద పిండి పిండిగానే ఉన్నది మూడో రోజుకు ఎర్రటి గుజ్జై, జాడీ మూత తీయగానే ఆవ ఘాటు ముక్కుకు తగలడం ఆ వేళకు అక్కడ ఉన్నవాళ్లకే దక్కుతుంది. మల్లె చెట్టుకూ ఇలాంటి పట్టింపే. చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, తర్వాత ఎరువు వేసి నీళ్లు కడితేనే ఎండలు మొదలయ్యేసరికి మొగ్గ పడుతుంది. మొగ్గను విచ్చకముందే కోయాలి. ఇన్నేళ్లూ ఆ వేళకు నువ్వు బడిలోనే ఉండేదానివి. సంతోషం చిన్నదే గాని గడువు విషయంలో ఖచ్చితమైనది. ఇప్పుడు కాకపోతే రేపు అనే మనిషికి అది దొరకదు, ఖాళీగా ఉన్న మనిషికి ఇప్పుడు కాకపోతే రేపు అనడం ఎంత సులువో ఆలోచించు.

ముప్పై అయిదేళ్లు గంట కొడితే లేచాను, గంట కొడితే కూర్చున్నాను, మళ్లీ నాకు టైమ్ టేబుల్ వేస్తావా అని కోపం వస్తుందేమో. రావడం సహజం. ఆ గంట ఇంకొకరు కొట్టింది, దాని వెనక యాప్‌లో హాజరు, రిపోర్టులు, తనిఖీలు ఉండేవి. నేను చెప్పేది రోజంతా నింపమని కాదు. రోజుకు రెండు వేళలు నిలబెట్టుకో, మిగతాదంతా గాలికి వదిలేయి. ఒకటి ఒంటరిగా చేసేది, ఒకటి నలుగురిలో చేసేది. పొద్దున మొక్కలో, నడకో, కూరగాయల బజారో ఏదైనా సరే. రైతు బజారులో కూర బండి దిగే వేళకు వెళ్తే వంకాయ ముచ్చిక పచ్చగా, ముళ్లతో చేతికి గుచ్చుకునేలా ఉంటుంది. పదింటికి వెళ్తే ముచ్చిక వడిలిపోయి ఉంటుంది. సాయంత్రం మాత్రం ఇంటి నుంచి బయటపడు. శాఖా గ్రంథాలయానికి వెళ్లు, లేదా సంగీతమో కుట్టుపనో నేర్పే చోట చేరు. నేర్పే చోట అని కావాలనే రాశాను. ఇన్నేళ్లు చెప్పే కుర్చీలో కూర్చున్న మనిషికి వినే బల్ల మీద కూర్చోవడం మొదట్లో కష్టంగా ఉంటుంది. కానీ తెలియనిదాన్ని తెలుసుకునే సంతోషం పిల్లల మొహాల్లో ఎన్నో సార్లు చూసినదానివి, అది నీకూ రావాలని నా ఆశ.

నువ్వు పైకి అనకపోయినా నీ మనసులో ఉన్న అసలు అభ్యంతరం వేరే అని నాకు తెలుసు. ఖాళీ ఎక్కడ వస్తుంది అన్నయ్యా, ఇంట్లో అందరూ నా రిటైర్మెంట్ కోసమే కాచుకుని కూర్చున్నారు అని. మన ఇళ్లలో మగ టీచరు రిటైరైతే పడక కుర్చీ, పేపరు. ఆడ టీచరు రిటైరైతే పూర్తికాలం వంటిల్లు. ఇది అన్యాయమని నేను గట్టిగానే అంటాను. మారియెంతాల్ ఆడవాళ్లు చురుగ్గా నడిచారు కదా, ఇంటి పని ఉంటే చాలదా అని ఎవరైనా నా ఉదాహరణనే నాకు తిప్పికొట్టవచ్చు. చాలదు. వాళ్లకు రోజు నిండింది, అంతే. మిల్లులో పనిచేసిన ఆడవాళ్లలో చాలామంది మళ్లీ మిల్లు తెరిస్తే వెళ్తామనే అన్నారు, జీతం కోసమే కాదు, నలుగురి మధ్య ఉండటం కోసం కూడా. నిండిన రోజు వేరు, నీదైన రోజు వేరు. అందుకే ఆ రెండు వేళల సంగతి ఇప్పుడే, ఉద్యోగంలో ఉండగానే, ఇంట్లో అందరి ముందూ చెప్పు. బడికి వెళ్లే రోజుల్లో తొమ్మిదింటికి నిన్ను ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఆ వేళ నీది కాదని వాళ్లకు తెలుసు. ఇప్పుడు సాయంత్రం అయిదింటి వేళ నీదేనని తెలియాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, తెలియకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. ఇది స్వార్థం కాదా అని నువ్వే నిన్ను అడుగుతావు. మనవడికి కథ చెప్పే అమ్మమ్మ దగ్గర చెప్పడానికి ఇంటి బయటి సంగతులు కొన్ని ఉండాలి కదా, వాడి కోసమైనా వెళ్లు.

చదువు చెప్పడమే నా సంతోషం, దాన్నే కొనసాగిస్తే పోదా అంటే, కొనసాగించు, అభ్యంతరం లేదు. చిలుకూరి శాంతమ్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1989లో రిటైరై, తొంభై దాటాక కూడా విజయనగరంలో భౌతికశాస్త్రం పాఠం చెప్పారు. గిడుగు రామమూర్తి గారు 1911లో పర్లాకిమిడిలో ఉద్యోగం మానాక, 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి వాడుక భాష కోసం పోరాడారు. ఉద్యోగంలో ఉండగా మొదలుపెట్టిన సవర భాష పనిని వదలక 1931లో దాని మీద పుస్తకం అచ్చు వేయించారు. అంతటివాళ్లతో నాకు పోలికేమిటి అనకు. నేను చూస్తున్నది వాళ్ల గొప్పతనం వైపు కాదు. ఉద్యోగం అయిపోయిన మర్నాడు కూడా వాళ్లు ఎక్కడికో చేరాల్సిన మనుషులుగానే ఉన్నారు, అది చాలు. నీకు అది వారానికి రెండు రోజులు పక్కింటి పిల్లకు లెక్కలు చెప్పడం కావచ్చు. కాకపోతే ట్యూషన్లు పెట్టి మళ్లీ పాతికమందిని పోగు చేసుకుంటే మాత్రం, వదిలిన ఉద్యోగాన్నే హాలులోకి తెచ్చుకున్నట్టవుతుంది. అప్పుడు ఆవకాయకూ మల్లెకూ మళ్లీ వేళ ఉండదు.

చివరగా, అబ్బాయి దగ్గరికి అమెరికా ప్రయాణం సంగతి. కోడలికి ఆగస్టులో పురుడు అంటే తప్పకుండా వెళ్లు, అది వాయిదా వేసేది కాదు. అలాంటి అవసరం ఏదీ లేకుండా, రిటైరయ్యావు కదా వచ్చేయమని పిలిస్తే మాత్రం సంక్రాంతి దాటేదాకా ఆగు. అక్కడికి వెళ్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, ఆ ఆరు నెలలూ కారు లేనిదే గడప దాటలేని ఇంట్లో, వాళ్లు ఆఫీసు నుంచి వచ్చే వేళ కోసం చూస్తూ గడుస్తాయి. ఇక్కడ నీ వేళలు స్థిరపడకముందే వెళ్తే, తిరిగి వచ్చాక అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. స్థిరపడ్డాక వెళ్తే వాటిలో ఒకదాన్నైనా వెంట తీసుకెళ్తావు. అబ్బాయికి ఈ మాట నువ్వు చెప్పలేకపోతే నేను ఫోన్ చేసి చెబుతాను. ఇంకొక్క మాట, ఆ శాఖా గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, మొదటి రోజే వెళ్లి తాళం చూసి రాకు.

ఇట్లు,
మీ అన్నయ్య