కొనుగోలుదారుని వివేకం

వస్తువును కొనడం సులభం. తగిన వస్తువును కొనడం కష్టం. కంప్యూటర్ విడిభాగాల విషయంలో ఈ మాట మరింత సత్యం.

నిజామాబాదు, బోధనుల నడుమనున్న ఎడపల్లిలో ఒక విద్యార్థి తన కంప్యూటరుకు ర్యామ్ కొనదలిచాడనుకొందాం. అతని ముందు రెండు మార్గాలున్నాయి. ఒకటి, నిజామాబాదులోని దుకాణానికో, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకో వెళ్లడం. రెండవది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం.

దుకాణంలో పాత భాగాన్ని చూపి, దానికి సరిపోయేదాన్ని అడగవచ్చు. అయితే అక్కడున్న సరకులోనే ఎంచుకోవాలి. ప్రయాణపు ఖర్చు అదనం. ఆన్‌లైన్‌లో పలువురి ధరలను ఇంటినుండే పోల్చవచ్చు. కాని సరిపోతుందో లేదో తేల్చుకొనే భారం కొనేవానిదే. డీడీఆర్-4 ర్యామ్ డీడీఆర్-5 స్లాటులో ఇమడదు. రెండింటి అంచున ఉండే గంట్ల స్థానాలు వేరు. ఒక్క అంకెను ఏమరితే, సేద్యం చేసి తండ్రి కూడబెట్టిన సొమ్ము చిక్కున పడుతుంది.

విక్రేత దూరమైతే న్యాయమూ దూరమేనా? కాదు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, కొనుగోలుదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కునిచ్చింది. అదే ఏటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915.

అయితే హక్కుకు సాక్ష్యం రసీదే. పన్ను తగ్గుతుందని బిల్లు వద్దనేవాడు, దుకాణం పక్కవీధిలో ఉన్నా, తన రక్షణను తానే వదులుకొంటున్నాడు. ధర చూడడం లౌక్యం. రసీదు భద్రపరచడం వివేకం.

ప్రశ్నలు
1. రెండు కొనుగోలు మార్గాలలోని మేలు, లోపాలను వివరించండి.
2. "హక్కుకు సాక్ష్యం రసీదే" – సమర్థించండి.