మోటారు చివర్లో మార్చండి

ఆర్‌సీ టూరింగ్ కారు కొన్న నెలకే ఎవరైనా అడిగేది ఒకటే: "స్పీడు పెరగాలంటే ఏ మోటారు వెయ్యాలి?" నేనైతే మోటారు చివర్లో అంటాను. ఉన్న శక్తి వృథా కాకుండా చూడటం ముందు పని. ఉదాహరణకి టామియా టీటీ-02 తీసుకుందాం. ఇది అసలు కారులో పదో వంతు సైజు. నాలుగు చక్రాలకీ శక్తి అందుతుంది.

1. బేరింగులు: కిట్‌లో ప్లాస్టిక్ బుష్‌లు వస్తాయి. వాటి బదులు 11×5×4 మి.మీ. బాల్ బేరింగులు వేస్తే రాపిడి తగ్గుతుంది, ఛార్జి ఎక్కువసేపు వస్తుంది.

2. డ్యాంపర్లు: మామూలు కిట్‌లోవి కేవలం రాపిడితో పనిచేస్తాయి. ఆయిల్ డ్యాంపర్లు వేస్తే గతుకులో ఎగిరిన చక్రం వెంటనే నేలని పట్టుకుంటుంది. ఎండకి ఆయిల్ పల్చబడుతుంది కాబట్టి మే నెలలో కాస్త చిక్కటిది పొయ్యండి.

3. టైర్లు: మన నల్లరేగడి దుమ్ము అంటితే పట్టు పోతుంది. నడిపే ముందు తడిగుడ్డతో తుడవండి.

4. గేర్లు: స్పర్ గేరుకి 70 పళ్ళు, పినియన్‌కి 22, లోపలి నిష్పత్తి 2.6. 70÷22×2.6 = 8.27. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే మోటారు 8.27 చుట్లు తిరగాలి. 20 పళ్ళ పినియన్ వేస్తే అది 9.1 అవుతుంది. టాప్ స్పీడు సుమారు 9 శాతం పోతుంది గానీ మోటారు మీద భారం తగ్గి, వేడి తగ్గుతుంది. బెజవాడ ఎండలో నాకది లాభమే.

ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం రాసుకోండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఇవన్నీ అయ్యాక కూడా స్పీడు చాలకపోతే, అప్పుడు కొనండి కొత్త మోటారు.