పేడ గ్యాసు: పదిమంది మాట, కొలత మాట

పాల కేంద్రం వద్ద "మా గేదె పాలు చిక్కనివి" అన్న మాట మీద ఎవరికీ డబ్బు రాదు. నమూనా తీయాలి, వెన్న శాతం చూడాలి, ఎన్ని లీటర్లో పుస్తకంలో రాయాలి. అంకె మీద అనుమానం వస్తే మళ్లీ పరీక్ష చేయమని సభ్యులు నిలదీసి అడుగుతారు. ఇది సహకార సంఘం మనకు నేర్పిన మంచి అలవాటు. కాని అదే గేదె వేసే పేడ దగ్గరకు వచ్చేసరికి ఈ అలవాటును మరచిపోతున్నాం. పేడను పిడకలు చేయాలా, పెంటకుప్పకు వేయాలా, గ్యాసు తీయాలా అన్నది వినికిడి మాటల మీదే తేల్చేస్తున్నాం. పదిమంది ఆడినది మాట, పాడినది పాట అన్నట్లు నడుస్తున్నది.

తనిఖీలకు వెళ్లినప్పుడు సంఘాలలో తరచుగా వినిపించే అయిదు అభిప్రాయాలను ఈ పాఠంలో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. వీటిలో కొన్ని పొరపాటు, కొన్నింటిలో నిజం ఉన్నది.

1. "గ్యాసు తీస్తే పేడలో సారం పోతుంది"

ఇది రైతు న్యాయంగా పడే భయమే. గాలి తగలని తొట్టిలో పేడ మురిగినప్పుడు సూక్ష్మజీవుల వలన గ్యాసు పుడుతుంది. అందులో మండే భాగం మీథేన్, సుమారు 55 నుండి 60 శాతం. మిగిలినది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. అంటే తొట్టి నుండి గ్యాసుగా బయటికి పోయేది ముఖ్యంగా కర్బనం, ఉదజని. పైరుకు కావలసిన నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అన్నీ బయటికి వచ్చే పేడరొంపిలోనే ఉంటాయి. దీనినే స్లర్రీ అంటున్నాం.

సారం పోయేది పిడకల వలన. పిడక కాల్చితే నత్రజని పొగతో పోతుంది, బూడిదే మిగులుతుంది. ఎండకు వానకు వదిలేసిన పెంటకుప్పలో కూడా నత్రజని కొంత గాలికి, కొంత వాననీటికి పోతుంది. అయితే ఒక జాగ్రత్త. స్లర్రీని ఆరుబయట ఎండబెడితే ఈ నష్టమే మళ్లీ వస్తుంది. దానిని నీటికాలువతో పాటు పొలానికి పారించాలి, లేదా చెత్తాచెదారం, ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి కంపోస్టు చేసుకోవాలి.

2. "రెండు గేదెలతో ఏమి గ్యాసు వస్తుంది?"

లెక్క వేద్దాం. పచ్చిపేడ కిలోకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు. పెద్ద పశువు రోజుకు 10 నుండి 15 కిలోల పేడ వేస్తుంది గనుక, కట్టుగొయ్యన ఉండే రెండు గేదెలతో రోజుకు ఒక ఘనపు మీటరు రావచ్చు. ఒక ఘనపు మీటరు పేడ గ్యాసు సుమారు 430 నుండి 450 గ్రాముల సిలిండరు గ్యాసు చేసే పని చేస్తుంది. నెలకు లెక్కిస్తే దాదాపు 13 కిలోలు. మనం కొనే సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. నాలుగైదుగురున్న ఇంట్లో వంట అంతా దీని మీదే జరగాలంటే రెండు ఘనపు మీటర్ల ప్లాంటు, రోజుకు 50 కిలోల పేడ, నాలుగు పశువులు కావాలి.

ఒక్క గేదె ఉన్న ఇంటికి, పగలంతా పశువులు బయట మేసే ఇంటికి ఈ లెక్క కుదరదు. అటువంటివారు "మాకు చాలదు" అంటే అది నిజమే. వారిని ఒప్పించబోవడం తప్పు.

3. "పేడ గ్యాసు మీద వండితే అన్నం వాసన వేస్తుంది"

గ్యాసులో కొద్దిపాటి గంధకపు వాయువు ఉంటుంది. కుళ్లిన కోడిగ్రుడ్డు వంటి వాసన దానిదే. సరిగా మండే పొయ్యిలో అది కాలిపోతుంది, మంట నీలంగా వస్తుంది. వంటింట్లో వాసన వచ్చిందంటే గొట్టమో, బిరడానో కారుతున్నదని గుర్తు. వెంటనే సబ్బునీరు పూసి బుడగలు వచ్చే చోటు పట్టుకోవాలి. అగ్గిపుల్ల గీసి వెతకరాదు. తొట్టిలోకి ఎవరూ దిగరాదు.

4. "మా ఊళ్లో పెట్టినవన్నీ మూలబడ్డాయి"

ఇది అభిప్రాయం కాదు, చాలా ఊళ్లలో కళ్లెదుట ఉన్న సంగతి. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 1960ల నుండి ఇనుప డ్రమ్ము ప్లాంట్లను ప్రచారం చేసింది. 1981-82లో జాతీయ పథకం మొదలయింది. 1984లో ఇటుక గుమ్మటంతో కట్టే దీనబంధు నమూనా వచ్చింది. ఎన్నో కట్టారు, ఎన్నో ఆగిపోయాయి. కారణాలు వెతికితే సాధారణంగా ఇవే కనబడతాయి: డ్రమ్ము తుప్పుపట్టడం, ఇటుక గుమ్మటం పగులువారడం, పశువులను అమ్ముకోవడం, పేడ రోజూ వేయకపోవడం, కొట్టం కడిగిన ఫినాయిలు నీళ్లు తొట్టిలోకి పోవడం, అన్నింటికంటే మించి బాగుచేసే మేస్త్రీ దొరకకపోవడం. కావున "పెట్టాలా వద్దా" అని అడిగే ముందు "చెడిపోతే ఎవరు వస్తారు?" అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని ఊళ్లో డబ్బు పెట్టడం మంచిది కాదు.

5. "సిలిండరు వచ్చింది గదా, ఇంకెందుకు?"

1999లో మన ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల పథకం వచ్చాక పొగలేని పొయ్యి చాలా ఇళ్లకు చేరింది. ఇది గొప్ప మేలు. అయినా సిలిండరు ఉన్న ఇళ్లలో కూడా పశువుల కుడితి కాచడానికి, స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. మళ్లీ సిలిండరు కొనడానికి చేతిలో డబ్బు లేని నెలలలో వంట కూడా దాని మీదే. ఆ పొగ ఇంటి ఆడవారి కళ్లకు, ఊపిరితిత్తులకు చేరుతున్నది. పేడ గ్యాసు సిలిండరుకు పోటీ కానక్కరలేదు. ఈ రెండవ పొయ్యిని ఆర్పగలిగితే చాలు.

ఎవరి అభిప్రాయం అడగాలి?

గ్యాసు ప్లాంటుకు రోజూ పేడ ఎత్తి, సమానంగా నీళ్లు కలిపి, గడ్డీ రాళ్లూ ఏరి పోసేది ఎక్కువ ఇళ్లలో ఆడవారే. పొగ తప్పేదీ వారికే. నీళ్లు దూరం నుండి మోయవలసివస్తే ఆ కష్టమూ వారిదే. సభ్యత్వం ఇంటాయన పేర ఉన్నంత మాత్రాన ఆయనను ఒక్కరినే అడిగి "సభ్యుల అభిప్రాయం తీసుకోవడమైనది" అని మినిట్సు పుస్తకంలో రాస్తే, అది నమూనా తీయకుండా వెన్న శాతం రాసినట్లే. గుజరాత్‌లో ఆణంద్ జిల్లా జకరియాపురా గ్రామంలో జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రోత్సాహంతో పాడి చేసే మహిళలే సహకార సంఘంగా ఏర్పడి, ఇంటింటి గ్యాసు ప్లాంట్లు నడుపుకొంటూ మిగులు స్లర్రీని అమ్ముకొనే ఏర్పాటు చేసుకొన్నారు. పని చేసేవారి చేతిలోనే నిర్ణయం కూడా ఉండడం అక్కడ గమనించవలసిన విషయం.

సంఘం చేయవలసిన పని

సర్వసభ్య సమావేశానికి ముందు ఆసక్తి గల ప్రతి ఇంట్లో ఏడు రోజుల పాటు పేడను తూచి రాయాలి. అదే వారంలో కాలిన కట్టెలు, పిడకలు కూడా తూచాలి. నీరు ఎంత దూరమో, పొయ్యికి దగ్గరగా ఎండ తగిలే ఖాళీ స్థలం ఉన్నదో లేదో చూడాలి. వంట చేసే ఆమె మాటను విడిగా అడిగి, ఆమె చెప్పినట్లే రాయాలి. దగ్గరలో మేస్త్రీ ఎవరో, ప్రభుత్వ సహాయం ఈ సంవత్సరం ఎంతో కనుక్కోవాలి. ఈ వివరాలన్నీ ఒక్క కాగితం మీద పెట్టి సమావేశంలో చదవాలి. అప్పుడు చేతులెత్తితే అది తీర్మానం. అంతకుముందు ఎత్తితే అది వట్టి ఊహ.

చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘంలో మూడు అంతకంటే ఎక్కువ పశువులున్న ఇళ్లు ఎన్ని?
2. మీ ఊళ్లో ఆగిపోయిన ప్లాంట్లు ఎన్ని? ఒక్కొక్కటి ఏ కారణం వలన ఆగింది? వాటిలో బాగుచేయదగినవి ఎన్ని?
3. మీ ఇంట్లో నిన్న ఎన్నిసార్లు కట్టెల పొయ్యి వెలిగింది? ఎందుకు?

మూడవ ప్రశ్నకు జవాబు సభ్యులు తామే రాయకుండా, ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించినవారిని అడిగి రాయాలి.