వెనుకటి బ్రిటిషు యుద్ధశకటములు

మోటారు వాహనము ముదిసిన పిమ్మట దానిని పాత యినుము క్రింద తూచి యమ్మివేయుట లోకమర్యాద. అయినను కొందఱు అట్టి వాహనములను వెదకి తెచ్చి, ఓపికతో బాగుచేసి, ఏటికొకపరి ఒకచోట చేర్చి నడిపించుచుందురు. మన దేశమున ఇట్టి కూటములలో పేరుపొందినది స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీయందు ఆరంభించిన పాత మోటారుల యాత్ర. ఆ యాత్రలో పాల్గొని బహుమతులు గొనిన వానిలో ఒకటి మన హైదరాబాదు సీమనుండి పోయినదని విద్యార్థులలో ఎందఱెఱుగుదురు? నిజాం రైల్వేవారు 1914లో తెప్పించిన అగ్నిమాపక శకటమది. ఇంగ్లండునందు మాంచెస్టరు చెంతనున్న సాల్ఫర్డులో జాన్ మారిస్ కంపెనీవారు చేసినది. గాలి నింపని గట్టి రబ్బరు చక్రములపై అది నడచును. నేడది ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమువారి యొద్ద నున్నది.

ఆ శకటము నిప్పుతో పోరాడినది. మనుష్యులతో పోరాడుటకై బ్రిటిషు కర్మాగారములు చేసిన శకటములను గూర్చి యిచట వ్రాయదలచితిమి. ఇంగ్లండులో డార్సెటు మండలమందలి బోవింగ్టన్ అను చోట టాంకు మ్యూజియము గలదు. అచట ఏటేట అభిమానులు వేలకొలది గూడుదురు. పాత టాంకులను మైదానమున నడిపించి చూపుదురు. మనకు చేరువలో, మహారాష్ట్రమందలి అహమదునగరమున, అనగా నేటి అహిల్యానగరమున, 1994లో నెలకొల్పిన అశ్వికదళ టాంకు మ్యూజియమును గలదు. మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ అను బ్రిటిషు టాంకులును, రోల్స్ రాయిస్ కవచకారును అందు జూడవచ్చును. అయితే అచటివి చాలవఱకు కదలక నిలిచియుండునవి.

కదలిననేమి, నిలిచిననేమి అని యడుగవచ్చును. మన జగిత్యాల కోట బురుజులపై ఫిరంగులు గలవు గదా. ఫిరంగి కదలకపోయినను దాని పని చూచినంతనే బోధపడును: నోరు ఏ దిక్కున నున్నదో గుండు ఆ దిక్కునకే పోవును. మోటారు శకటము అట్టిదికాదు. దానిలోని బుద్ధి యంతయు కదలికయందే యున్నది. ఇందుకు తగిన నిదర్శనము యూనివర్సల్ క్యారియరు.

దీనినే బ్రెన్ క్యారియరనియు జనులు వాడిరి. బ్రెన్ అనునది అందుండు తుపాకి పేరు. చెకోస్లోవేకియాలోని బ్రనో పట్టణపు పేరునుండి మొదటి రెండక్షరములును, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డునుండి తక్కిన రెండును చేర్చి ఆ పేరు గట్టిరి. క్యారియరు పైకప్పులేని ఉక్కుపెట్టె వంటిది. దాని కవచము 7 మొదలు 10 మిల్లీమీటర్ల మందము మాత్రమే. అది తుపాకి గుండ్లకు చాలును, ఫిరంగి గుండ్లకు చాలదు. ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియా మొదలగు దేశములలో ఇవి లక్షకు మించి తయారయ్యెను. గంటకు 30 మైళ్ల వడిగలిగి, బురదలోను ఇసుకలోను పోగల బండి. చక్రములు నేలను తాకవు. ఇనుప బిళ్లలను గ్రుచ్చిన పట్టాలపై అవి దొర్లుచుండును.

పట్టాల బండి మలుపు తిరుగుట యెట్లు? దీనికి మన ఎడ్లబండియే గురువు. దాపటి యెద్దును నిలిపి, వలపటిదానిని అదలించినచో బండి ఎడమకు తిరుగును. టాంకును ఇంతే, ఒక పట్టాను ఆపి, రెండవదానిని నడిపింతురు. అయితే ప్రతి చిన్న వంపునకును ఇట్లు చేసినచో బండి కుదుపునకు లోనగును, వడి తగ్గును, పట్టా అరిగిపోవును. క్యారియరును కల్పించినవారు ఒక యుపాయము పన్నిరి. చోదకుడు చేతిచక్రమును కొంచెము త్రిప్పినచో, అడుగుననుండు చక్రముల జత యొకటి ప్రక్కకు జరుగును. దానితో ఇనుప పట్టాయే విల్లువలె స్వల్పముగా వంగి, బండి ఆ వంపు వెంట మెల్లగా పోవును. చేతిచక్రమును ఇంకను త్రిప్పినప్పుడుగాని ఒక పట్టాకు బ్రేకు పడదు. మ్యూజియములో నిలిచియున్న క్యారియరు చుట్టు పదిమార్లు తిరిగినను ఈ మర్మము కనబడదు. అది మైదానమున వంపు తిరుగుచుండగా పట్టాను జూచినవానికి ఒక్క నిమిషములో తెలియును.

ఇక దాని యింజను. బండి నడుమ, సిపాయిల ప్రక్కనే, ఎనిమిది సిలిండర్ల ఫోర్డు ఇంజను. 85 గుఱ్ఱపు బలము గలది. ఆనాటి ఫోర్డు కార్లకును లారీలకును పెట్టినది ఈ జాతి యింజనే. కావుననే దాని విడిభాగములు నేటికిని దొరకును. అభిమానుల కూటములలో ఈ బండి తఱచుగా కనబడుటకు ఇదియు నొక కారణమని మా తలంపు.

మటిల్డా టాంకు సంగతియు ఇట్టిదే. 78 మిల్లీమీటర్ల కవచము, సుమారు 27 టన్నుల బరువు. ఇంతటిదానిని లాగునవి లండను బస్సులను చేసిన ఏ.ఇ.సి. కంపెనీవారి రెండు బస్సు ఇంజనులు. దానిని చేసిన ముఖ్య కర్మాగారము వల్కన్ ఫౌండ్రీ, 1853లో బొంబాయినుండి ఠాణాకు నడచిన మొదటి రైలునకు ఇంజనులు చేసి పంపినదే. 1940 డిసెంబరు 9న ఈజిప్టు ఎడారిలో నిబైవా అను శిబిరముపై మన నాలుగవ ఇండియను డివిజను దాడి వెడలినపుడు ముందు నడచినవి మటిల్డాలే.

మన దేశమునను ఒక యుద్ధశకటము తయారయ్యెను. అప్పుడు మనకు మోటారు ఇంజను చేయు కర్మాగారము లేదు. కెనడానుండి చట్రమును ఇంజనును దిగుమతి చేసికొని, టాటావారి ఉక్కుతో రైల్వే కార్ఖానాలలో పైకవచము బిగించిరి. ఇండియన్ ప్యాటర్న్ క్యారియరని దాని పేరు. 1940 మొదలు 1944 వఱకు 4,600 పైచిలుకు తయారయ్యెను. బ్రిటిషు క్యారియరులను చూపుటకు పదిమంది పోటీపడుచుండగా, మన పనివారు రివిట్లు కొట్టిన ఈ బండి మిక్కిలి అరుదైపోయినది. మిగిలినదానినైన నడచుస్థితిలో నుంచుట మనవారి పనియే గాని పరదేశపు అభిమానులది కాదు.

యుద్ధమునకును బస్సునకును గల చుట్టఱికము మన త్రోవలమీదనే కనబడినది. గ్లాస్గో నగరపు ఆల్బియన్ కంపెనీ మొదటి మహాయుద్ధమున బ్రిటిషు సేనకు మూడుటన్నుల లారీలను సుమారు 6,000 చేసి యిచ్చెను. సైకిలునకువలె వాని వెనుక చక్రములను గొలుసు త్రిప్పెడిది. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించినపుడు ఆ బస్సులు ఆల్బియన్‌వారివే. కొడిమ్యాల నుండి జగిత్యాలకు పోవు బస్సునెక్కు బాలుడు ఆ వంశవృక్షపు చివరి కొమ్మపై కూర్చున్నాడన్నమాట.

కవచవాహనములును మన సీమకు వచ్చియున్నవి. 1948 సెప్టెంబరు 13న భారతసేన హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. సోలాపూరు దిక్కునుండి మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి నడిపించిన దళమున షెర్మన్, స్టూవర్టు టాంకులుండెను. అవి అమెరికాలో చేయబడి, బ్రిటిషువారి చేతులమీదుగా మన సేనకు సంక్రమించినవి. 18వ తేదీన జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను. ఆ దినములు కొందఱికి విముక్తి, కొందఱికి భయము. రెంటిని అనుభవించిన కుటుంబములును గలవు. ప్రదర్శనములయందు క్రొత్తరంగు పూసి మెఱపించిన శకటములను జూచునప్పుడు మాకు కొంత వెలితి తోచును. బండి ప్రక్కనున్న పలకపై ఇంజను బలము వ్రాయుదురు, వడి వ్రాయుదురు; అందు కూర్చున్నవారెవరో, ఎవరికెదురుగా పోయిరో వ్రాయువారు తక్కువ.

నడచుస్థితిలో నుంచుట యనగా ఒకనాటి పనికాదు. నిలిచిన బండిలో ఇనుముకన్న ముందు రబ్బరు చెడును. గొట్టములు పగులును, బ్రేకుల ముద్రలు ఎండిపోవును. టంకిలో నిలువయున్న పెట్రోలు జిగురై కార్బురేటరు రంధ్రములను మూసివేయును. ఇంజనును అప్పుడప్పుడు త్రిప్పకున్నచో సిలిండరులో పిస్టను పట్టుకొనిపోవును. గట్టి రబ్బరు చక్రములు అరిగినచో అంగడిలో దొరకవు, ప్రత్యేకముగా పోయించవలెను. ఇన్ని తెలిసిన మేస్త్రీ ఒకడుండి, నేర్చుకొను కుఱ్ఱవాడు మఱియొకడుండిననే 1914 నాటి బండి మరల రోడ్డెక్కును.